అమ్మకి బ్యాంకు ఖాతా: ఆధార్ ఓటీపీ రాదు, వేలిముద్ర పడదు, ఓటరు కార్డు వద్దంటున్నారు

ఆకివీడు అమ్మాయి:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

నాన్న పోయాక అమ్మని హైదరాబాద్ మా దగ్గరికి తెచ్చుకున్నాం. కూకట్‌పల్లిలో ఉంటాం. నాన్న పేరు మీద ఊళ్లో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, నామినీ అమ్మ. క్లెయిమ్ కాగితాలన్నీ అయిపోయాయి, అమ్మ ఖాతా నంబరు ఇస్తే డబ్బు వేసేస్తామన్నారు. గేదెలు అమ్మిన డబ్బు కూడా పెదనాన్న దగ్గరే ఉంది. సరే, ఇంటి దగ్గరి బ్యాంకులో అమ్మ పేరున సేవింగ్స్ ఖాతా తెరుద్దామని వెళ్లాం. అక్కడ మొదలైంది తలనొప్పి.

అమ్మ ఆధార్‌లో 'లక్ష్మి కె' అని ఉంది. ఓటరు కార్డులో మా ఇంటిపేరు పూర్తిగా ముందు రాసి, తర్వాత లక్ష్మి. నాన్న డిపాజిట్‌లో నామినీ పేరు కూడా అలాగే పూర్తిగా ఉంది. రేషన్ కార్డులో ఉత్త లక్ష్మి. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు నాన్నది, ఆయన పోయాక ఎవరూ రీచార్జ్ చేయలేదు, ఆగిపోయింది. కాబట్టి ఓటీపీ రాదు. వేలిముద్ర పెడదామంటే మెషీన్ తీసుకోదు. అమ్మ ఏళ్ల తరబడి రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసింది, వేళ్లు నున్నగా అరిగిపోయాయి. పాన్ కార్డు ఎప్పుడూ తీసుకోలేదు.

కౌంటర్‌లో అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. కానీ ఎన్నిసార్లు అడిగినా "ఆధార్ ఫెయిలైతే సిస్టమ్ ముందుకెళ్లదు మేడమ్" అనే ఒక్క మాటే. ఓటరు కార్డు తీస్తే అది ఇప్పుడు నడవదన్నాడు. రేషన్ కార్డు అయితే చూడను కూడా చూడలేదు.

నిజంగా ఆధార్ తప్ప ఇంకే కార్డూ చెల్లదా? చెల్లకపోతే ముందు ఏది సరిచేయించాలి, పేరా, ఫోనా, అడ్రసా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆటో ఎక్కి దిగడమే కష్టం. ఊరికే ఆవిడని తిప్పడం నాకిష్టం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ట్రాఫిక్‌లో రాజు:

ఇంత టెన్షన్ ఎందుకండీ. ఏదో ఒక బ్యాంకు యాప్ వేసుకుని వీడియో కేవైసీ (ఫోన్ కెమెరాలో కార్డులు చూపించి మనమెవరో బ్యాంకుకి రుజువు చేసుకోవడం) చేసేయండి. మా తమ్ముడికి ఇంట్లో కూర్చునే అయిపోయింది. ఈ రోజుల్లో బ్రాంచికి ఎవరెళ్తున్నారు?

హక్కుల పులి:

ఆధార్ అడగడమే తప్పు. సుప్రీంకోర్టు 2018లోనే తేల్చేసింది. ఇవ్వను పొమ్మనండి. ఎందుకు తెరవరో రాతపూర్వకంగా అడిగి వినియోగదారుల ఫోరంలో కేసు వేయండి, దారికొస్తారు.

పాత క్యాషియర్:

అమ్మా, నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. చివరి కొన్నేళ్లూ ఖాతాలు తెరిచే సీట్లోనే కూర్చున్నాను. మీ పోస్టు చదువుతుంటే ఆ కౌంటర్ అబ్బాయి మొహం నాకు కనిపిస్తోంది.

మీ అమ్మగారు ఎవరో నిరూపించడానికి కార్డులేమీ తక్కువ పడలేదు. గొడవంతా రెండింటి దగ్గరే: పేరు ఒక్కో కార్డులో ఒక్కోలా ఉంది, ఫోన్ నంబరు ఆగిపోయింది. ఈ రెండూ తీరాల్సినవే. అయితే అవి తీరేదాకా ఖాతా ఆగక్కర్లేదు.

మీ అసలు ప్రశ్నకి జవాబు: ఆధార్ ఒక్కటే చెల్లుతుందన్నది నిజం కాదు. కేవైసీకి చెల్లే కార్డుల జాబితా రిజర్వ్ బ్యాంకే ఇచ్చింది. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు, రాష్ట్ర ప్రభుత్వ అధికారి సంతకం ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డు, పేరూ చిరునామాతో జాతీయ జనాభా రిజిస్టర్ ఇచ్చే లేఖ. అంతే. వీటిలో ఏ ఒక్కటున్నా చాలు. ఓటరు కార్డు ఆ జాబితాలో ఉంది కనుక అది నడవదనడానికి లేదు. రేషన్ కార్డు లేదు. దాని విషయంలో ఆ అబ్బాయి అన్నది కరెక్టే.

చాలామంది పాన్ కార్డుని కూడా గుర్తింపు కార్డు కింద పట్టుకొస్తారు. పాన్ ఆ జాబితాలో లేదు. దాని మీద చిరునామాయే ఉండదు కదా. పాన్ అడిగేది ఆదాయపు పన్ను కోసం, పై కార్డుతో పాటు అదనంగా. లేనివాళ్లు, ఇన్నాళ్లూ ఫారం 60 అని అందరూ పిలుస్తూ వచ్చిన డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది. పాన్ లేదని ఖాతా తెరవకుండా పంపేయకూడదు.

మరి సిస్టమ్ ముందుకెళ్లదని ఎందుకన్నాడు? అబద్ధం చెప్పలేదు పాపం. ఇప్పుడు చాలా బ్రాంచిల్లో ఖాతా తెరిచే స్క్రీను ఆధార్ ఈ-కేవైసీతోనే మొదలవుతుంది. వేలు పెడితే పేరు, ఫోటో, చిరునామా వాటంతటవే వచ్చి కూర్చుంటాయి, కాగితం పని ఉండదు, వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. రెండో దారి ఉంటుంది, దాంట్లో అన్నీ చేత్తో టైపు చేసి, ఒరిజినల్ చూసి, జిరాక్సు మీద 'ఒరిజినల్‌తో సరిచూశాను' అని ముద్ర వేసి సంతకం పెట్టాలి. ఆ సంతకానికి రేపు ఆడిట్‌లో తనే జవాబుదారీ. కొత్తగా చేరిన పిల్లలకి ఆ రెండో దారి ఒక్కోసారి చూపించే ఉండరు. కాబట్టి కౌంటర్ దగ్గర వాదించకండి. మేనేజరు దగ్గరికి వెళ్లి "ఓటరు కార్డు మీద, ఈ-కేవైసీ లేకుండా తెరవండి" అని ఈ మాటలతోనే అడగండి. ఆయనకి అర్థమవుతుంది.

రాజు గారూ, వీడియో కేవైసీ మంచిదే, 2020 జనవరి నుంచి రిజర్వ్ బ్యాంకు ఒప్పుకుంది. కానీ అందులో పాన్ చూపించాలి, అది ఈవిడకి లేదు. ఆధార్ వివరాలు లాగడానికి ఓటీపీ కావాలి, అదీ రాదు. ఇక వీడియో కూడా లేకుండా ఓటీపీ ఒక్కదానితోనే తెరిచే ఖాతాలున్నాయే, వాటిలో నిల్వ మొత్తం 1 లక్ష దాటకూడదు, ఏడాదిలో జమలు 2 లక్షలు దాటకూడదు, ఏడాదిలోపు పూర్తి కేవైసీ చేయకపోతే మూసేస్తారు. డిపాజిట్ డబ్బు వేసుకోవడానికి అది పనికిరాదు.

పులి గారికి: తీర్పు నిజమే. 2018 సెప్టెంబరు 26న బ్యాంకు ఖాతాలకి ఆధార్ లింకు తప్పనిసరి చేసిన నిబంధనని కొట్టేశారు. ఆ తర్వాత 2019లో చట్టం సవరించి, ఖాతాదారు ఇష్టపడి ఇస్తే బ్యాంకు వాడుకోవచ్చన్నారు. ప్రభుత్వ సబ్సిడీ, పథకాల డబ్బు ఆ ఖాతాలో పడాలంటే మాత్రం ఆధార్ ఇవ్వాల్సిందే. అంటే ఈవిడ ఇవ్వనంటే బలవంతం చేయలేరు, కానీ ఇవ్వబోతే తీసుకోవడం తప్పేం కాదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని కోర్టు మెట్లెక్కించడం దేనికండీ, మేనేజరు గది తలుపు తడితే పోయేదానికి. అక్కడా కుదరకపోతే బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తీర్చే అధికారి) ఉచితంగా పెట్టుకోవచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు.

చివరిగా ఒకటి. ఊళ్లో అమ్మగారికి ఏ ఖాతా లేదా? గ్యాస్ సబ్సిడీ ఎందులో పడేది? డ్వాక్రాలో ఉండేవారా? ఆ వయసు ఆడవాళ్లకి ఖాతా లేదంటే నేను నమ్మను. ఒకసారి అడిగి చూడండి.

ఆధార్ ఆపరేటర్:

నేను ఆధార్ కేంద్రంలో పనిచేస్తాను. నా వైపు నుంచి నాలుగు మాటలు.

ముందు ఫోన్ నంబరు మార్పించండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఫోన్ నంబరు మార్చడానికి ఏ డాక్యుమెంటూ అక్కర్లేదు, మనిషి వస్తే చాలు. కేంద్రానికి రాలేకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసే సదుపాయం కూడా ఉంది, మీ పోస్టాఫీసులో అడగండి. వేలిముద్ర పడకపోతే కనుపాప ఉంది. ఉప్పు, ఐస్‌తో పనిచేసినవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, తాపీ పనివాళ్లు మా దగ్గరికి రోజూ వస్తారు, వాళ్ల వేళ్లు మెషీన్‌కి కనపడవు. కళ్లతో అయిపోతుంది.

పేరు విషయంలో తొందరపడకండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. ఇనిషియల్ విడదీయడం కూడా ఒక మార్పు కిందే లెక్క. చాలామంది ఈ నెల ఇంటిపేరు వెనక పెట్టించుకుని, తర్వాత పాస్‌పోర్టు కోసం ముందు పెట్టమని వస్తారు. రెండూ అయిపోతాయి. అమ్మగారికి ఓటరు కార్డులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే పెట్టించండి, అదే కార్డు రుజువుగా పనికొస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ కూడా చూసుకోండి, 'లక్ష్మి' చివర ఒక ఐ ఉందా, రెండు ఈలు ఉన్నాయా అన్న దగ్గరే సగం దరఖాస్తులు చెడిపోతాయి.

పాన్ మాత్రం పేరు సరిచేశాకే తీసుకోండి. ఆధార్ ఓటీపీతో ఉచితంగా వచ్చే ఈ-పాన్‌లో పేరు ఆధార్‌లో ఉన్నట్టే దిగుతుంది. ఇప్పుడే తీస్తే పాన్ కూడా 'లక్ష్మి కె' అయి కూర్చుంటుంది, మళ్లీ దాన్ని మార్చాలి.

చిరునామాకి కుటుంబ పెద్ద పద్ధతి వాడండి. మీ ఆధార్‌లో ఉన్న చిరునామాని మీ ఒప్పుకోలుతో అమ్మగారికి తెచ్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మగారి తరఫున దరఖాస్తు పెడితే 30 రోజుల్లోపు మీరు లాగిన్ అయి ఆమోదించాలి. బంధుత్వానికి రుజువు కావాలి, మీ పాస్‌పోర్టులో అమ్మ పేరు ఉంటుంది కదా, అది పనికొస్తుంది. ఏదీ లేకపోతే కుటుంబ పెద్ద ఇచ్చే డిక్లరేషన్ నమూనా ఉంది.

పాత క్యాషియర్:

ఆపరేటర్ గారు బంగారం లాంటి మాట చెప్పారు, పేరు తర్వాతే పాన్. మన తెలుగువాళ్లకి పాన్‌తో వచ్చే తంటా అంతా ఇంటిపేరుదే. పాన్ దరఖాస్తులో ఇంటిపేరు గడిలో ఇనిషియల్ రాయనివ్వరు, విడదీయాలి. మనలో సగం మంది ఇంటిపేరు ఏ గడిలో రాయాలో తెలియక సొంత పేరు అందులో రాసేస్తారు. మీ దగ్గరున్న పాన్ కార్డు తీసి చూడండి. పది అక్షరాల్లో నాలుగోది 'పి', అంటే వ్యక్తి అని. ఐదోది దరఖాస్తులో ఇంటిపేరుగా రాసినదాని మొదటి అక్షరం. ఇంటిపేరు కె తో మొదలై, ఐదో అక్షరం ఎల్ ఉంటే, ఎవరో తిరగేసి రాశారన్నమాట. నేను సీట్లో ఉన్నప్పుడు కార్డు చేతికివ్వగానే ముందు ఆ ఐదో అక్షరమే చూసేవాణ్ణి.

ఇంకోటి, పెళ్లయిన ఆడవాళ్ల పాన్‌లో భర్త పేరు ఉండదు, మామూలుగా తండ్రి పేరే. అమ్మగారి నాన్నగారి పేరు ఎలా రాయాలో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. తాతగారి పేరు ఇంట్లో అందరికీ ముద్దుపేరుగానే గుర్తుంటుంది, అసలు పేరు కోసం ఊరికి ఫోన్లు చేయాల్సొస్తుంది.

కొంగు ముడి:

ఇదే పోస్టు కింద నాదీ ఒక ప్రశ్న, ఏమనుకోకండి. నా ఆధార్, ఓటరు కార్డు పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయి. పెళ్లయ్యాక ఆఫీసులో అత్తింటి ఇంటిపేరు వాడుతున్నాను, జీతం ఖాతా ఆ పేరుతోనే తెరవాలంటున్నారు. కార్డులన్నీ మార్చాకే వెళ్లాలా?

పాత క్యాషియర్:

అక్కర్లేదమ్మా. కార్డు ఇచ్చాక పేరు మారినా ఆ కార్డు చెల్లుతుంది, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గానీ, పేరు మార్పు గెజిట్ గానీ జత చేస్తే చాలు. ఇది రిజర్వ్ బ్యాంకు ఆదేశాల్లో ఉన్నదే. గుళ్లో ఇచ్చే రసీదు, శుభలేఖ పనికిరావు. శుభలేఖ తెచ్చి కౌంటర్ మీద పెట్టినవాళ్లు కూడా ఉన్నారు, పసుపు అంటుకుని ఇంకా తడిగా!

నా సలహా అడిగితే, ఆధార్, పాన్ పుట్టింటి పేరుతోనే కలిసి ఉంటే వాటిని కదపకండి. ఖాతాయే ఆ పేరుతో తెరిచి, ఆఫీసువాళ్లకి ఆ పేరే ఇవ్వండి. జీతం మీద పన్ను కట్టేది పాన్ పేరు మీద, దానికి భిన్నంగా ఖాతా ఉంటే రీఫండ్ దగ్గర ఆగుతుంది.

ఆకివీడు అమ్మాయి:

క్యాషియర్ గారూ, మీరు అడిగినందుకు అమ్మని కదిపాను. "నాకెక్కడిది ఖాతా" అంది ముందు. తర్వాత ట్రంకుపెట్టె అడుగున పట్టుచీర మడతల్లోంచి ఒక పాస్‌బుక్ తీసింది. జన్‌ధన్ ఖాతా. గ్యాస్ డబ్బులు ఇందులోనే పడేవట. అదేదో గ్యాస్ పుస్తకం అనుకుందిట ఇన్నాళ్లూ!

విచిత్రం ఏంటంటే అది మేం ఇక్కడ వెళ్లిన బ్యాంకుదే, ఊరి బ్రాంచి. మొదటి పేజీలో అమ్మ ఫోటో, కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఓటరు కార్డులో ఉన్నట్టే. చివరి ఎంట్రీ నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు తీసింది. ఇప్పుడు కొత్తది తెరవాలా, దీన్నే వాడొచ్చా? ఇందులో పెద్ద మొత్తం వేస్తే ఏమైనా ఇబ్బందా?

ఇంకో సందేహం. ఇప్పటికే ఆధార్ జిరాక్సులు బ్యాంకుకి, క్లెయిమ్‌కి, గ్యాస్ ఆఫీసుకి చాలా ఇచ్చేశాం. ఎవరైనా అమ్మ పేరున ఖాతా తెరిచేస్తే? వార్తలు చూసి భయమేస్తోంది.

పాత క్యాషియర్:

చూశారా, చెప్పానుగా.

కొత్తది తెరవకండి. జన్‌ధన్ ఖాతా బేసిక్ సేవింగ్స్ ఖాతా (కనీస నిల్వ అక్కర్లేనిది) కింద వస్తుంది. అది ఉన్నవాళ్లకి అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు, తెరిస్తే రెండింటిలో ఒకటి మూయమంటారు. ఉన్నదాన్నే కూకట్‌పల్లికి బదిలీ చేయించుకోండి. ఒక బ్రాంచిలో పూర్తి కేవైసీ అయి, మళ్లీ చేసే గడువు రాకపోతే, బదిలీకి ఇంకో బ్రాంచి తాజా కేవైసీ అడగనక్కర్లేదు. సాధారణ ఖాతాలకి ఆ గడువు పదేళ్లు. 2014 ఆగస్టు 28న పథకం మొదలైంది కాబట్టి, ఆ రోజుల్లో తెరిచినదైతే పదేళ్లు దాటిపోయుంటుంది, మళ్లీ చేయమంటారు. చేయమంటే అదే ఓటరు కార్డు ఇవ్వండి. ఆఖరి ఎంట్రీ తేదీ కూడా చూడండి. రెండేళ్లకి పైగా బ్యాంకు తానుగా వేసే వడ్డీ, చార్జీలు తప్ప ఇంకే లావాదేవీ లేకపోతే ఖాతాని నిద్రలో పెడతారు. కేవైసీ చేస్తే లేస్తుంది, దానికి డబ్బులు తీసుకోరు.

పెద్ద మొత్తం వేసేముందు ఒక్కటి అడగండి: "ఇది చిన్న ఖాతానా, పూర్తి కేవైసీ ఖాతానా?" జన్‌ధన్ మొదలైన రోజుల్లో చెల్లే కార్డు ఏదీ లేనివాళ్లకి ఫోటో, వేలిముద్రతో చిన్న ఖాతాలు తెరిచాం. ఆ ఖాతాలో నిల్వ 50,000 దాటకూడదు, ఏడాదిలో జమలు 1 లక్ష దాటకూడదు, నెలకి 10,000 కంటే తీయకూడదు. నాన్నగారి డిపాజిట్ అందులో పడితే అక్కడే ఇరుక్కుపోతుంది. చిన్న ఖాతా అయితే ముందు ఓటరు కార్డుతో పూర్తి కేవైసీకి మార్పించి, మార్చినట్టు స్క్రీన్ మీద చూపించమని, ఆ తర్వాతే నంబరు ఊరికి పంపండి. ఖాతాలో పేరు, డిపాజిట్ నామినీ పేరు ఒకేలా ఉన్నాయి, అది మీ అదృష్టం. ఆధార్‌లో పేరు తేడా ఉన్నా ఈ జమకి అది అడ్డు రాదు.

డిపాజిట్ డబ్బుని తిరిగి ఎఫ్‌డీ చేసే ఆలోచన ఉంటే మాత్రం పాన్ త్వరగా తీసుకోండి. వడ్డీ పరిమితి దాటినప్పుడు పాన్ లేకపోతే ఆ వడ్డీలో 20 శాతం పన్నుగా కోసేస్తారు. పన్ను కట్టేంత ఆదాయం లేదని ఫారం ఇచ్చినా పాన్ లేకుండా అది చెల్లదు.

జిరాక్సుల సంగతి. భయం పూర్తిగా తప్పని అనను. ఇకముందు ఇచ్చే ప్రతి కాపీ మీదా, అక్షరాలు ఫోటో మీదికి వెళ్లేలా అడ్డంగా, ఎందుకు ఇస్తున్నారో రాసి తేదీ, సంతకం పెట్టించండి. 'ఫలానా బ్రాంచిలో కేవైసీ కోసం మాత్రమే' అని. ఒరిజినల్ నంబరు అక్కర్లేని చోట చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్‌ని ఆన్‌లైన్‌లో సరిచూడనప్పుడు, కాపీ మీద నంబరు కొట్టేయించడం బ్యాంకు బాధ్యతే, అదీ ఆదేశాల్లో ఉంది.

ఆధార్ ఆపరేటర్:

ఒక చిన్న మాట కలుపుతాను. ఆధార్ వెబ్‌సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్' అని చూసి, ఒకే బ్యాంకు కనిపిస్తే మిగతా ఖాతాలు లేవనుకుంటారు. అది ప్రభుత్వ డబ్బు ఏ బ్యాంకుకి వెళ్లాలో చూపించేది మాత్రమే, చివరగా లింకు చేసిన ఒక్క బ్యాంకే అందులో కనిపిస్తుంది. కొత్త బ్యాంకులో ఫారం నింపేటప్పుడు సబ్సిడీ కోసం లింకు చేయాలా అన్న గడిలో టిక్ పెట్టారంటే డబ్బు అటు మళ్లిపోతుంది. తర్వాత "గ్యాస్ డబ్బులు ఆగిపోయాయి" అని మా దగ్గరికి వస్తారు.

అనుమానం ఉంటే ఆధార్ ఎక్కడెక్కడ వాడారో గత 6 నెలల చరిత్ర చూసుకోవచ్చు. ఫోన్ నంబరు మారాక అమ్మగారి బయోమెట్రిక్ లాక్ చేసేయండి, కావలసినప్పుడు తెరవొచ్చు. మనం తెరవని ఖాతా ఏదైనా బయటపడితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆకివీడు అమ్మాయి:

అప్‌డేట్ ఇస్తున్నాను. అమ్మని కదపకుండా ముందు నేనే పాస్‌బుక్ తీసుకుని మేనేజరు దగ్గరికి వెళ్లాను. క్యాషియర్ గారు చెప్పిన మాటలతోనే అడిగాను. ఆయన కంప్యూటర్‌లో చూసి "చిన్న ఖాతానే, కేవైసీ గడువు కూడా దాటింది" అన్నారు. ఓటరు కార్డు మీద చేస్తామన్నారు, ఏ వాదనా లేకుండా. మర్నాడు అమ్మని తీసుకెళ్తే ఫోటో, సంతకం, పాన్ లేదని డిక్లరేషన్, అంతే. అప్పుడు ఆధార్ ఒకటే అన్న అబ్బాయే కూర్చుని నింపాడు. "ఈ స్క్రీన్ నేనెప్పుడూ వాడలేదు మేడమ్" అని నవ్వాడు కూడా.

ప్రస్తుత చిరునామా దగ్గర కొంచెం ఆగింది. ఓటరు కార్డులో ఊరి అడ్రస్ ఉంది, ఇక్కడ కరెంటు బిల్లు మా ఆయన పేరు మీద. ఇప్పటికి ఊరి అడ్రస్‌తోనే ఉంచారు. ఆధార్‌లో ఫోన్ నంబరు కనుపాపతో మారింది. పేరు మార్పు దరఖాస్తు పెట్టాం.

ఖాతాకి ఏ ఫోన్ నంబరు ఇవ్వాలో, నామినీగా ఎవరిని రాయాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు. అమ్మ "నీ నంబరే ఇచ్చెయ్" అంటోంది. అన్నయ్య, నేను ఇద్దరం ఉన్నాం.

పాత క్యాషియర్:

ఊరి అడ్రస్ ఉంచడమే మంచిది, ఆధార్ మారాక మార్చుకోవచ్చు. సొంత పేరున కరెంటు బిల్లో, నీటి బిల్లో, పైపు గ్యాస్ బిల్లో ఉండి, అది రెండు నెలల్లోపుదైతే ప్రస్తుత చిరునామాకి ఒప్పుకుంటారు, అదీ మూడు నెలల్లో కొత్త అడ్రస్ కార్డు తెస్తామన్న షరతు మీద. ఆవిడకి ఆ బిల్లులు లేవు కాబట్టి ఆ దారి లేదు.

ఫోన్ నంబరు అమ్మగారిదే ఇవ్వండి. నాన్నగారి నంబరు మీద ఆవిడ ఆధార్ నడిచినందుకే ఇంత తిరిగారు. చిన్న ఫోన్ ఒకటి కొని, రీచార్జ్ మీరు చూసుకోండి.

నామినీ గడి ఖాళీగా వదలకండి. 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా రాయొచ్చు, ఎవరికెంత శాతమో కూడా. మీ ఇద్దరి పేర్లూ 50, 50 అని పెట్టించండి. పేర్లు మాత్రం మీ ఆధార్‌లో ఎలా ఉన్నాయో అలాగే, ఇంటిపేరు విడదీసి. మీకు పెళ్లయింది కదా, మీ ఆధార్‌లో ఏ ఇంటిపేరుందో ముందు చూసుకోండి.